నవజాత శిశువునకు వైద్యుని ఎన్నిక

ఇల్లు అద్దెకు తీసుకొనే ముందు మంచినీటి వసతి గూర్చి పదిమందిని విచారించే గృహస్థుడు, పుట్టబోయే బిడ్డకు వైద్యుడెవరన్న ప్రశ్నను మాత్రం ప్రసవమైన మరునాటి వరకు తలపెట్టడు. గర్భిణికి వైద్యురాలు ముందే కుదిరి ఉంటుంది. శిశువును ఆ ఆసుపత్రికి వచ్చిపోయే పిల్లల వైద్యుడెవరో చూస్తారు. ఆయన పేరు తల్లికి తెలియదు. ఆమె సంగతి ఆయనకూ తెలియదు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలలో వైద్యులకు కొరత లేదు. ఎన్నుకొనే పద్ధతికే కొరత.

ఈ ఎన్నిక ఏడవ నెలలోనే జరగటం మేలు. ఏలనన, శిశువునకు మొదటి అవసరం పుట్టిన మొదటి నిమిషంలోనే కలుగవచ్చును. పదిమంది శిశువులలో సుమారు ఒకరికి ఊపిరి అందుకొనటానికి కొంత సహాయం కావలసి ఉంటుంది. నూటికి ఒకరికి పెద్ద చికిత్సయే అవసరమవుతుంది. కావున ఆసుపత్రివారిని అడగవలసిన మొదటి ప్రశ్న, కాన్పు గదిలో కేవలం బిడ్డ కొరకు నిలబడేది ఎవరన్నది. నెలలు నిండక పుట్టిన బిడ్డను ఎక్కడికి తరలిస్తారు, వెంట ఎవరు వెళ్తారు అన్నది రెండవ ప్రశ్న.

ఆ విషయంలో ఈ పేటలవారు అదృష్టవంతులే. ముషీరాబాదు వైపున గాంధీ ఆసుపత్రి ఉన్నది. రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి ఉన్నది. తన పరిచారిక ప్రసవంలో మరణించగా రాకుమారి నీలోఫర్ మనసు కలతచెంది తలపెట్టిన ఈ శిశు వైద్యాలయం 1953లో నెలకొన్నది. అయితే ఇవి ఆపత్కాలపు ఆశ్రయాలు. నిత్యం చూపించుకొనటానికి ఇంటికి దగ్గరి వైద్యుడే కావలెను. ఆయన ఎం.డి. పట్టభద్రుడా, డి.సి.హెచ్. చేసినవాడా అన్నది ఫలకం చూస్తే తెలుస్తుంది. వైద్య మండలిలో నమోదు సంఖ్య ఉన్నదో లేదో కూడ చూడవచ్చును.

దగ్గరితనం ఎందుకన్న దానికి పసరికలే సమాధానం. మామూలు కామెర్లు శిశువులలో మూడవ రోజు నుండి ఐదవ రోజులోపు హెచ్చుస్థాయికి చేరుతాయి. మామూలు కాన్పు అయినవారిని రెండవ రోజుననే ఇంటికి పంపుతున్నారు. అంటే ప్రమాదపు ఘడియ ఆసుపత్రిలో కాక ఇంటిలో వస్తున్నదన్నమాట. అప్పటికి తెలుగువారి ఇండ్లలో పురుడు, ముస్లిం గృహాలలో నలుబది దినాల చిల్లా. తల్లీబిడ్డలు గడప దాటరు. మసక గదిలో బిడ్డ ఒంటి పసుపుదనం కంటికి ఆనదు. పసుపు మితిమీరితే అది మెదడును శాశ్వతంగా దెబ్బతీస్తుంది. చెవుడు, అంగవైకల్యం కలుగవచ్చును. నివారణ మాత్రం చాల తేలిక. ఇంగ్లండులోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సు, వెలుతురు సోకిన చోట బిడ్డ చర్మపు పసుపు తగ్గటం గమనించినది; అక్కడి వైద్యులు 1958లో ఆ కాంతిచికిత్సను లోకానికి తెలిపారు. పొద్దుటి ఎండలో పడుకోబెట్టటం దానికి ప్రత్యామ్నాయం కాదు. ఇంటికి పంపేటప్పుడే “ఎల్లుండి బిడ్డను మరల చూపించండి” అని చెప్పే వైద్యుడు తన పని తెలిసినవాడు. మొదటి ఇరువదినాలుగు గంటలలోనే పసుపు కనిపిస్తే ఎల్లుండి వరకు ఆగరాదు.

పసరికల ప్రస్తావనలో మరొకటి. మన ఇండ్లలో పాత పసిబట్టలను కలరా ఉండలు వేసి ట్రంకు పెట్టెలో దాచటం పరిపాటి. జి-6-పి-డి అనే ఎంజైము లోపించిన శిశువునకు ఆ ఉండల ఆవిరి సోకితే రక్తకణాలు చితికి కామెర్లు తీవ్రమవుతాయి. “బట్టలు ఎక్కడ దాచినవమ్మా?” అని అడిగే వైద్యుని మీద నాకు గౌరవం కలుగుతుంది.

ఆచారాలను ఎగతాళి చేసే వైద్యుడు ఎంత విద్వాంసుడైనా మనకు ఉపకరించడు. బిడ్డ చెవిలో అజాన్ చెప్పటానికి, ఏడవ నాటి అఖీఖాకు, ఇరువదియొకటవ నాటి బారసాలకు వైద్యశాస్త్రం అడ్డు చెప్పదు. తలనీలాలు తీసే కత్తి శుభ్రంగా ఉండాలని మాత్రం కోరుతుంది. తేనె, ఘుట్టీ, ఉగ్గుగిన్నెతో ఆముదం మాత్రం వద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రాణాపాయం తేగలదు. ఈ భేదాన్ని నానమ్మకు తెలుగులోనో, దాదీకి ఉర్దూలోనో కోపం లేక నచ్చజెప్పగలవాడు కావాలి. ఎందుకంటే ఇంటిలో నిర్ణయం చేసేది వారు, మందు చీటీ కాదు.

వైద్యుని గది గోడలను కూడ చదవవచ్చును. శిశువుల పాలపొడి ప్రకటనలను ఆసుపత్రులలో ప్రదర్శించటాన్ని 1992 నాటి చట్టం నిషేధించినది. అయినను డబ్బా బొమ్మ గోడపై వేలాడుతుంటే మనం మరొక గుమ్మం తొక్కటం మంచిది. తల్లికి పాలు చాలటంలేదని విన్న వెంటనే డబ్బా పేరు రాసేవాడొకడు. బిడ్డ రొమ్ము పట్టే తీరు కూర్చుని చూసి, రోజుకు ఎన్నిమార్లు మూత్రం పోస్తున్నదని అడిగేవాడు మరొకడు. మొదటి దినాలలో బిడ్డ బరువు కొంత తగ్గటం సహజమని తెలియక ఎందరో తల్లులు బెంగపెట్టుకొని డబ్బాపాలకు దిగుతున్నారు.

చివరగా రాత్రి సంగతి. బిడ్డ పాలు త్రాగటం మానినా, నిమిషానికి అరువదిమార్లు, అంతకు మించి ఊపిరి తీసినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, మూర్ఛ వచ్చినా తెల్లవారేదాక వేచి ఉండరాదు. ఆ వేళ చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్టేషనులు మూసి ఉంటాయి. 2005లో మొదలైన 108 వాహనం వస్తుంది. ఆ వాహనం వచ్చేలోపు ఫోనులో మాట్లాడేది తామేనా, లేక మరెవరైనానా అని వైద్యుని ముందే అడిగి, ఆ సంఖ్యను వంటింటి గోడపై పెద్ద అక్షరాలతో రాసి ఉంచుకొనవలెను.