ప్రశ్నలు - జవాబులు: అమ్మమ్మ పాటల సీడీ

ప్రశ్న: మాది రాజమండ్రి, ఉండేది స్టుట్‌గార్ట్‌లో. అమ్మమ్మ పాడిన మంగళహారతులను ఇరవై ఏళ్ల కిందట క్యాసెట్ నుంచి సీడీకి ఎక్కించారు. ఆ క్యాసెట్ ఇప్పుడు లేదు, అమ్మమ్మా లేదు. ‘ఎగ్జాక్ట్ ఆడియో కాపీ’ అనే ప్రోగ్రామ్‌తో కాపీ తీస్తే, ఈ సీడీ ఆక్యురేట్‌రిప్‌లో లేదంటోంది. ఇంకో డ్రైవ్‌లో తీస్తే హ్యాష్ కలవలేదు. విజయవాడలో ఉన్న చెల్లికి ఏ కాపీ పంపను?

జవాబు: ఇంకా ఏదీ పంపకండమ్మా. అలాగని కంగారూ పడకండి. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది, అది కలవనంత మాత్రాన పాట పాడైనట్టు కాదు.

ఆక్యురేట్‌రిప్ మీ కాపీని అదే సీడీ ఉన్న మిగతావాళ్ల కాపీలతో పోలుస్తుంది. బజార్లో అమ్మిన సీడీకి అది బాగా పనికొస్తుంది. మీ అమ్మమ్మ పాటలు ఇంకెవరి దగ్గరున్నాయి పోల్చడానికి? కాబట్టి మీకు రెండో సాక్ష్యం మీ రెండో డ్రైవే.

అయితే ఒక్కో డ్రైవ్ పాట మొదలును ఒక్కో చోట పట్టుకుంటుంది. దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. సెకనుకు 44,100 శాంపిల్స్ ఉండే చోట ఆరు అటూ ఇటూ జరిగితే చెవికి తెలియదు, హ్యాష్ మాత్రం పూర్తిగా మారిపోతుంది. శనివారం కార్ల్స్‌ప్లాట్జ్ పాత సామాన్ల సంతలో బాగా అమ్ముడుపోయిన ఆల్బమ్ సీడీలు రెండు మూడు కొనండి. అవి ఆక్యురేట్‌రిప్‌లో ఉంటే వాటితో రెండు డ్రైవ్‌ల ఆఫ్‌సెట్ తేలిపోతుంది. ఆ తర్వాత అమ్మమ్మ సీడీని, ఒకటికి రెండుసార్లు చదివి పోల్చే సెక్యూర్ మోడ్‌లో, రెండింటిలోనూ మళ్లీ చదివించండి. డ్రైవ్‌కు కాష్ (చదివింది దాచుకునే చోటు) ఉంటే ఆ సంగతి సెట్టింగులో చెప్పాలి. లేకపోతే రెండోసారి చదివింది సీడీని కాదు, తన జ్ఞాపకాన్నే.

వచ్చిన వేవ్ ఫైళ్లను ఆ ప్రోగ్రామ్‌లోనే పోల్చవచ్చు. తేడా ఎక్కడుందో చూపిస్తుంది. ట్రాకు కొసల్లో నిశ్శబ్దం దగ్గరైతే వదిలేయండి. పాట మధ్యలోనైతే సీడీని మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడిచి మళ్లీ తీయండి. క్యాసెట్ గరగర సైతం రెండింట్లో అంకె అంకెకూ కలిస్తే ఆ కాపీని నిశ్చింతగా నమ్మండి. ఆ గరగరను తీసేయాలనుకుంటే వేరే ఫైల్‌లో చేయండి, అసలు కాపీని ముట్టుకోవద్దు. వేవ్, ట్రాకుల వివరాలుండే క్యూ, కాపీ తీసిన తీరు చెప్పే లాగ్ ఫైళ్లు మూడూ చెల్లికి పంపండి, హ్యాష్ విడిగా రాయండి.

ప్రశ్న: ఫొటోల సీడీకీ ఇంత తతంగమా?

జవాబు: అక్కర్లేదు. ఫొటోల సీడీలో 2,352 బైట్ల సెక్టార్‌లో 2,048 బైట్లే సమాచారం. మిగిలిన వాటిలో చాలా భాగం తప్పులు పట్టుకుని దిద్దడానికే. దిద్దలేనిది ఎదురైతే డ్రైవ్ చదవలేనని చెప్పేస్తుంది. పాటల సీడీలో 2,352 బైట్లూ శబ్దమే, దిద్దలేని చోట డ్రైవ్ ఊహించి పూరించేస్తుంది. ఫొటోలకు ఐఎస్‌వో (మొత్తం సీడీకి నకలు ఫైల్) తీసి, సీడీతో ఒకసారి సరిపోల్చి, షా-256 హ్యాష్ రాసుకుంటే చాలు. సీడీ పైన బాల్‌పెన్నుతో మాత్రం పేరు రాయకండి. సమాచారం ఉన్న పొర ఆ వైపే, పల్చటి పూత కిందే ఉంటుంది.