పదవ తరగతియందు సాహిత్య పఠనము

జూను మాసమున బడి తెఱచిన దినమున క్రొత్త పుస్తకములతో పదవ తరగతి గదిలో నడుగిడు బాలబాలికలకు రెండు భావములు ఒక్కసారిగా కలుగుచుండును. బడిలో తామే పెద్దవారమైతిమను సంతోషము మొదటిది. సంవత్సరాంతమున పబ్లికు పరీక్ష వచ్చునను భయము రెండవది. ఈ రెంటి నడుమ తెలుగు వాచకము తఱచుగా పుస్తకముల యడుగున పడిపోవుచున్నది. గణితమునకు ఒక వేళయు, విజ్ఞానశాస్త్రమునకు ఒక వేళయు నియమించుకొనువారు సైతము “తెలుగే కదా, పరీక్షకు ముందు చూచుకొందము” అని దానిని ప్రక్కకు నెట్టుదురు. దీనివలన కలుగు నష్టమెట్టిదో, పాఠ్యభాగములను చదువవలసిన విధమెట్టిదో వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట నొక సంగతి గ్రహింపవలెను. మన తెలుగు రాష్ట్రములు రెంటిలోను పదవ తరగతి ముగిసిన పిదప ఇంటర్మీడియేటులో రెండవ భాషను విద్యార్థి యెన్నుకొనవచ్చును. మార్కులు సులభముగా వచ్చునను తలంపుతో అనేకులు అచ్చట సంస్కృతమును తీసికొనుచున్నారు. సంస్కృతము గొప్ప భాషయే. దానిని నేర్చుట మేలే. కాని అట్టివారికి ఉపాధ్యాయుని యెదుట తెలుగు పద్యమును చదివి, సందేహమడిగి తెలిసికొను భాగ్యము పదవ తరగతితోనే ముగియుచున్నది. చదువు చాలించి యేదైన పనిలో చేరువారి సంగతియు నింతే. కావున ఈ సంవత్సరము పరీక్షకు మాత్రమే కాదు. జన్మమంతయు పనికివచ్చు చదివెడి యలవాటును సంపాదించుటకు పలువురకు ఇదియే కడపటి యవకాశము.

ఇట్టి యవకాశమును పాడుచేయునది గైడు. పూర్వమునుండియు మనకు టీకాతాత్పర్యములు లేకపోలేదు. అయినను టీకకును గైడునకును భేదము కలదు. టీక కఠినపదమును విప్పి, చదువరిని పద్యమునొద్దకు తీసికొనిపోవును. గైడులోని సిద్ధమైన జవాబు పద్యమును చదువనక్కఱలేదని చెప్పి, అతనిని దానినుండి దూరము చేయును. జవాబు కంఠస్థమైనను విషయము మనసున కెక్కదు. మఱియు, పాఠ్యపుస్తకములో లేని గద్యమునో పద్యమునో ఇచ్చి ప్రశ్నలడుగు పద్ధతి పరీక్షలలో కలదు. అచ్చట గైడు తోడురాదు. చదువుట నేర్చినవాడే జవాబు వ్రాయగలడు.

ఇక చదువు విధమును క్రమముగా చెప్పుదము.

మొదటిది, బిగ్గరగా చదువుట. ఉపాధ్యాయుడు పాఠము చెప్పుటకు ముందు దినముననే పద్యమును రెండు మాఱులు పైకి చదువవలెను. ఇందు పలువురు చేయు పొరపాటొకటి కలదు. ప్రతి పాదము చివరను ఆగుదురు. లేదా యతిస్థానమున ఆగుదురు. సంస్కృతమున యతి యనగా విరామము. తెలుగున యతి యనగా పాదము మొదటి యక్షరమునకును యతిస్థానమందలి యక్షరమునకును గల మైత్రి. ఉత్పలమాలకు పదియవ యక్షరము, చంపకమాలకు పదునొకండవది, శార్దూలమునకు పదుమూడవది, మత్తేభమునకు పదునాలుగవది యతిస్థానములు. అవి చెవికి ఇంపు కలిగించు చోట్లే కాని ఆగవలసిన చోట్లు కావు. తెలుగు పద్యములో మాట ఒక పాదమున మొదలై మఱుపాదమున ముగియవచ్చును. కాబట్టి అర్థము ఆగినచోటనే గొంతు ఆగవలెను. ఇట్లు చదివినయెడల సగము పదవిభాగము చెవియే చేసిపెట్టును.

రెండవది, అన్వయము. పద్యములోని మాటలు ఛందస్సు కొఱకు ముందు వెనుకలుగా నుండును. మొదట క్రియను వెదకుడు. పిదప ఎవడు చేసెను, దేనిని చేసెను, ఎవరితో చెప్పెను అని ప్రశ్నించుకొనుడు. పద్యము ఒక వాక్యముగా కూడుకొన్నంతనే తాత్పర్యము మీ చేతికి వచ్చును. ఇతరులు వ్రాసిన తాత్పర్యమును వల్లించుటకన్న ఇది తేలిక, మఱవుట కష్టము.

మూడవది, నిఘంటువు. బహుజనపల్లి సీతారామాచార్యులు రచించి 1885లో ప్రకటించిన శబ్దరత్నాకరము నేటికిని విద్యార్థులకు మంచి తోడు. “హరి” యను చిన్న మాటను తీసికొనుడు. విష్ణువు, సింహము, గుఱ్ఱము, కోతి, సూర్యుడు మొదలగు అర్థములు దానికి కలవు. వీనిలో ఏది తగునో నిఘంటువు నిర్ణయింపదు, పద్యమే నిర్ణయించును. ఆ నిర్ణయము చేయుటయే చదువరి పని. బుద్ధికి పదును పెట్టునదియు నదియే.

నాలుగవది, సందర్భజ్ఞానము. పాఠ్యపుస్తకములో పది పండ్రెండు పద్యములు మాత్రమే యిచ్చుదురు. అవి యొక మహావృక్షమునుండి తెచ్చిన కొమ్మ వంటివి. తిక్కన భారతమందలి ఉద్యోగపర్వము దీనికి ఉదాహరణము. శ్రీకృష్ణుడు రాయబారిగా వెడలనుండగా, సంధిమాటలు చెప్పుచున్న పాండవుల నడుమ ద్రౌపది తన తలవెండ్రుకలను చూపి మాటలాడును. పండ్రెండేండ్ల యరణ్యవాసము, ఒక యేటి యజ్ఞాతవాసము, అంతకు ముందు నిండుసభలో దుశ్శాసనుడు ఆ వెండ్రుకలనే పట్టి యీడ్చుట తెలియనివానికి ఆమె మాటలు వట్టి కోపోక్తులుగా తోచును. తెలిసినవానికి అవి న్యాయమడుగు మాటలు. అట్లని సంధి కోరిన ధర్మరాజు పిఱికివాడా? బంధునాశమునకు వెఱచి అయిదూళ్లతోనైనను తృప్తిపడుటకు ఆతడు సిద్ధపడెను. ఇరువురి పక్షమునను న్యాయమున్నది. ఇట్టిచోట మీరేమందురో నిలిచి యోచింపుడు. సాహిత్యమును చదువుటవలని ఫలము ఇదియే.

అయిదవది, ఉపవాచకమును చదువు తీరు. కథను ముక్కలుగా చదువరాదు. మొదటిమాఱు ఎచ్చటను ఆగక తుదవఱకు చదివి, రెండవమాఱు కలము పట్టవలెను. కందుకూరి వీరేశలింగముపంతులు గారి రాజశేఖర చరిత్రము వంటి నవలను ఒకదానిని తీసికొందము. అది 1878వ సంవత్సరమున వెలువడనారంభించినది. ధవళేశ్వరమున సంపన్నుడై యున్న రాజశేఖరుడు ముఖస్తుతులకు లోబడియు, బంగారము చేసెదనన్న కపటయోగిని నమ్మియు ఆస్తిని పోగొట్టుకొనును. పోయిన ధనమెంత యని అడుగుకొనుటతో నిలువక, “ఈతడు ఏ ప్రకరణమున మేలుకొని యుండిన బాగుపడి యుండును?” అని ప్రశ్నించుకొనుడు. ప్రతి ప్రకరణమునకు ఒక్కొక్క వాక్యము మీ సొంతమాటలలో వ్రాసికొనుడు. పుస్తకము ముగియునప్పటికి కథాసంగ్రహము దానంతట నదియే సిద్ధమగును.

“ఇంతకు కాలమేది?” అని మీరడుగవచ్చును. ఇంటిపనులు చేయుచు చదువు బాలికలును, పొలముపనికి తోడుపడు బాలురును అడుగు ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. లెక్క వేసి చూతము. నూటయిరువది పుటల పుస్తకమును దినమునకు నాలుగేసి పుటల చొప్పున చదివిన ముప్పది దినములలో ముగియును. వారమున కొక్క పద్యము కంఠస్థము చేసిన ముప్పది వారములలో ముప్పది పద్యములు మీ సొత్తగును. దీనికి దినమునకు అరగంట చాలును. పరీక్షకు ముందు రాత్రులు మేల్కొని వల్లించు శ్రమతో పోల్చిన ఇది స్వల్పము.

“ఈ పాతభాష మనకెందుకు?” అని మఱికొందఱందురు. గిడుగు రామమూర్తిపంతులు గారు (1863–1940) వచన రచనకు వ్యవహారభాషయే తగునని జీవితమంతయు పోరాడిరి. వారి జన్మదినమగు ఆగస్టు 29వ తేదీనే నేడు తెలుగుభాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. అట్టివారు ప్రాచీనకావ్యములను త్రోసివేయలేదు. వానిని శ్రద్ధతో పరిశీలించి, పూర్వుల రచనలనుండియే తమ వాదమునకు సాక్ష్యములు తెచ్చిరి. పాతదానిని చదువుట వేఱు, పాతదానివలె వ్రాయుట వేఱు. నేటి తెలుగులో చక్కగా వ్రాయగోరువానికిని తిక్కనవద్ద నేర్చుకొనదగినది కలదు. కొలది మాటలతో మనుష్యుని మనసు చూపుట యెట్లో ఆతడు చూపినాడు.

కడపట నొక్క మాట. జవాబులు వ్రాయునప్పుడు పుస్తకము మూసి, మొదట మీ మాటలలో వ్రాసి, తరువాత పుస్తకముతో పోల్చి దిద్దుకొనుడు. మీ వాక్యము గైడులోని వాక్యమంత నునుపుగా లేకపోవచ్చును. అయినను అది మీది. దిద్దగా దిద్దగా అదియే నునుపగును. మార్కుల పట్టిక పై చదువులకు ద్వారము తెఱచుట నిజమే. దానిని చులకన చేయవలదు. కాని ఆ ద్వారము దాటినపిమ్మట పట్టిక పెట్టెలో నుండును, చదివిన పద్యము నాలుకమీద నుండును. ఈ సంవత్సరము మొదటి వారముననే ఒక పద్యమును ఎన్నుకొని, బిగ్గరగా చదివి, అన్వయించి, కంఠస్థము చేసికొనుడు. తక్కిన ఇరువదితొమ్మిదియు దాని వెంట వచ్చును.