ఆల్ప్స్ పర్వతసీమలకు ఒక యాత్రాక్రమము



గత సంవత్సరము తొమ్మిదవ తరగతి భూగోళ పాఠములో ఆల్ప్స్ పర్వతముల ప్రస్తావన వచ్చినప్పుడు నేనొక పని యప్పగించితిని. పండ్రెండు దినములలో ఆ దేశములను చూచి రావలెనన్న ఏ త్రోవను పోవలెనో, ఎచ్చటెచ్చట దిగవలెనో, ఒక్కొక్కరును కాగితముమీద వ్రాసి తెండని చెప్పితిని. మఱునాడు ఆ కాగితములు చూడగా నాకు నవ్వును వచ్చినది, కొంత దిగులును కలిగినది. ఒక బాలుడు మొదటి దినము జ్యూరిచ్, రెండవ దినము పారిస్, మూడవ దినము వెనిస్, నాలుగవ దినము వియన్నా, ఐదవ దినము మఱల స్విట్జర్లాండు అని వ్రాసినాడు. పారిస్ పట్టణము ఆల్ప్స్ కొండలలో లేనేలేదు. మిగిలిన పట్టణముల నడుమ ఎన్ని కొండలున్నవో ఆతడు చూడలేదు. దాదాపుగా తరగతి యంతయు ఇట్లే చేసినది. తప్పు వారిది కాదు. పట్టణముల పేర్లు నేర్పితిమి గాని పటమును చదువుట మనము నేర్పలేదు.

మైదానములో రెండు ఊళ్ల నడుమ దూరమును మైళ్లతో కొలిచిన చాలును. కొండసీమలో అట్లు కాదు. అచ్చట అడుగవలసిన మొదటి ప్రశ్న, "ఈ యూరి నీరు ఎటు పోవుచున్నది?" అని. నీరు పోయిన త్రోవనే బాటయు రైలును పోవును. ఒక నీటిని విడిచి వేఱొక నీటిలోనికి దిగవలెనన్న కనుమ నెక్కవలెను, లేదా సొరంగములో దూరవలెను. దీనిని తెలిసికొనుటకు స్విట్జర్లాండు పోనక్కఱలేదు. కురిచేడు స్టేషనులో నంద్యాల పోవు రైలెక్కిన చాలును.

మన సీమలో కురిసిన వాన చాలవఱకు గుండ్లకమ్మలో చేరి బంగాళాఖాతమునకు పోవుచున్నది. ఆ యేరు నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము ప్రాంతమున పుట్టి, కంభము చెఱువును నింపి, మార్కాపురపు సీమమీదుగా సాగును. రైలు దొనకొండ, మార్కాపురము రోడ్డు దాటి కంభమువఱకు ఇంచుమించుగా ఈ నీటికి ఎదురుగానే నడచును. గిద్దలూరు చేరునప్పటికి మీకు తెలియకుండనే నీరు మాఱినది. అచ్చటి సగిలేరు దక్షిణముగా పాఱి పెన్నలో కలియును. దిగువమెట్ట దాటిన పిమ్మట బండి నల్లమలలో దూరి, కొండనుండి వెలుపడి గాజులపల్లె మీదుగా నంద్యాలకు దిగును. అది కుందేటి నీరు. అదియు పెన్నకే పోవుచున్నది గాని, కొండకు ఆవలిప్రక్క చుట్టి పోవుచున్నది. మూడువేల అడుగులకు కొంచెము పైబడిన శిఖరములు గల ఈ నల్లమలను దాటుటకే 1880ల దశకములో సదరన్ మరాఠా రైల్వే కంపెనీవారు దొరబావి లోయమీద ఎత్తైన వంతెన కట్టి, బొగద యొద్ద కొండను తొలిచిరి. 1990ల దశకములో మీటరు గేజిని పెద్ద గేజిగా మార్చినప్పుడు త్రోవను మార్చి క్రొత్త సొరంగము త్రవ్విరి. పాత వంతెన అడవిలో పనిలేక నిలిచిపోయినది.

మీటరు గేజి మాట మఱవకుడు. దానితో మనకు ముందు పని యున్నది.

మన పూర్వులలో ప్రయాణమును ఇట్లు ఆలోచించి చేసినవారు లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, కడప, అహోబిలము, శ్రీశైలము మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరిరి. ఆయన వెంట సుమారు నూరుమంది నడచిరి. రైలు లేదు, హోటలు లేదు. ప్రతి మజిలీయందును నీరు గలదా, అంగడి గలదా, త్రోవ ఎట్టిది అని చూచి వ్రాసికొనిరి. ఆ దినచర్యయే కాశీయాత్ర చరిత్ర. ఎక్కడికి పోవువారైనను ఆ మూడు ప్రశ్నలను విడువరాదు.

ఇక ఆల్ప్స్. ఇవి మధ్యధరా సముద్రతీరమునుండి వియన్నా సమీపమువఱకు సుమారు 1,200 కిలోమీటర్లు విల్లువలె వంగియున్నవి. ఫ్రాన్సు, మొనాకో, ఇటలీ, స్విట్జర్లాండు, లీక్టెన్‌స్టైన్, జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేనియా అను ఎనిమిది దేశములు వీనిని పంచుకొన్నవి. అన్నిటికంటె ఎత్తైన మౌంట్ బ్లాంక్ 4,800 మీటర్లకు కొంచెము పైన నున్నది. ఎనిమిది దేశములను పండ్రెండు దినములలో చూడవలెనని యాశపడువాడు ఎనిమిది స్టేషనులను చూచి వచ్చును. మేము తరగతిలో పటమును బల్లమీద పఱచి, ఊళ్ల పేర్లపై కాగితము కప్పి, నదులను మాత్రమే చూచితిమి. అప్పుడు త్రోవ దానంతట అదియే కనబడినది.

రైన్ నది ఉత్తర సముద్రమునకు పోవుచున్నది. రోన్ మధ్యధరా సముద్రమునకు, ఇన్ నది డాన్యూబులో కలిసి నల్లసముద్రమునకు, టిచీనో నది పో నదితో కూడి ఆడ్రియాటిక్ సముద్రమునకు పోవుచున్నవి. ఈ నాలుగును స్విట్జర్లాండు కొండలలోనే పుట్టుచున్నవి. కావున రైన్ నీటిలో బయలుదేఱి ఇన్ నీటిలో దిగవలెననియు, నడుమ ఒక్క దినము ఆడ్రియాటిక్ వైపు తొంగిచూచి రావలెననియు నిశ్చయించితిమి. మా క్రమము ఇట్లున్నది.

హైదరాబాదులో విమానమెక్కి, నడుమ విమానము మారి, రెండవ దినమున జ్యూరిచ్ చేరవలెను. అచ్చట నిలువక, గంట లోపలనే రైలులో లూసర్న్ పోయి మూడు రాత్రు లుండవలెను. సరస్సుమీద ఆవిరిపడవలు తిరుగుచుండును. సరస్సు ఒడ్డుననుండి రిగి కొండమీదికి 1871లో వేసిన రైలు గలదు. ఐరోపాలో కొండనెక్కిన మొదటి పండ్లపట్టాల రైలు అదియే. రెండు పట్టాల నడుమ పండ్లుగల మూడవ పట్టా యుండును, బండి క్రిందనున్న పండ్లచక్రము దానిని పట్టుకొని యెక్కును. మనకు అట్టిది చూడవలెనన్న నీలగిరులకు పోవలెను.

ఐదవ దినమున పడవలో సరస్సు చివరనున్న ఫ్లూయెలెన్ చేరి, రోయిస్ నదికి ఎదురుగా గొటార్డ్ పాత రైలులో పోవలెను. ఇచ్చట క్రొత్త సొరంగము 57 కిలోమీటర్ల పొడవున 2016లో తెఱవబడినది. దానిలో పోయిన శీఘ్రముగా ఇటలీ వైపు చేరుదుము, కాని చీకటి తప్ప మఱేమియు కనబడదు. చూడబోవువారికి పాత త్రోవయే మేలు. వాసెన్ అను పల్లెలోని చర్చి మూడు మారులు కనబడును, మొదట తలపైన, పిదప ఎదుట, తుదకు కాళ్ల క్రింద. రైలు కొండలోపల చుట్టలు చుట్టి యెక్కుటయే దీనికి కారణము. పై స్టేషను గెషెనెన్. అచ్చటనుండి 1882లో తెఱచిన 15 కిలోమీటర్ల పాత సొరంగము మొదలగును. దానిని త్రవ్వించిన లూయీ ఫావ్ర్ అను ఇంజనీరు పని ముగియక మునుపే, 1879లో, ఆ సొరంగములోనే ప్రాణము విడిచెను. కూలివారిలో సుమారు రెండువందలమంది చనిపోయిరి.

ఈ సందర్భమున ఒక మాట చెప్పక తీఱదు. మన పొరుగుననే, దోర్నాల వైపు, వెలిగొండ పథకమునకై నల్లమల క్రింద సుమారు 19 కిలోమీటర్ల పొడవుగల జంట సొరంగములు త్రవ్వబడినవి. వాని త్రవ్వకము 2024లో ముగిసినది. గొటార్డ్ పాత సొరంగముకంటె ఇవి పొడవైనవి. వారు మనుష్యులు పోవుటకు త్రవ్విరి, మనము కృష్ణనీరు వచ్చుటకు త్రవ్వితిమి. ఈ సంగతి మా తరగతిలో ఇద్దఱికి మాత్రమే తెలియును.

గెషెనెన్ యొద్ద సొరంగములో దూరక, చిన్న రైలులో ఆండర్‌మాట్ ఎక్కి ఆ రాత్రి నిలువవలెను. ఆఱవ దినమున 2,033 మీటర్ల ఒబెరాల్ప్ కనుమ దాటి, రైన్ పుట్టుచోటి ప్రక్కగా, ఆ నదివెంబడి కూర్ పట్టణమునకు దిగి అచ్చట నిద్రింపవలెను. ఏడవ దినమున ఆల్బులా రైలు. అది లాండ్‌వాసర్ లోయమీద 65 మీటర్ల ఎత్తున రాతివంతెనపై వంపు తిరిగి తిన్నగా కొండగోడలో దూరును. ఆవలివైపున ఇన్ నది లోయయు సెయింట్ మోరిట్జ్ పట్టణమును గలవు. ఆ పట్టణము ధనవంతుల విడిది. మనవంటివారు ప్రక్కనున్న సామెడాన్ వంటి యూళ్లలో దిగుట మంచిది. అచ్చట మూడు రాత్రులు.

ఎనిమిదవ దినమునకే ఈ యాత్ర యంతయు ఏర్పడినదని చెప్పవచ్చును. ఆనాడు బెర్నీనా రైలెక్కవలెను. 1910లో పూర్తియైన ఈ త్రోవ 2,253 మీటర్లకు ఎక్కి, ఇటలీలోని తిరానోలో 429 మీటర్లకు దిగును. నూఱు మీటర్లకు ఏడు మీటర్ల వాలున్నను పండ్లపట్టా లేదు. ఆల్బులా, బెర్నీనా రైళ్లు రెండును మీటరు గేజి బండ్లే. అనగా మీ తాతగారు కురిచేటిలో ఎక్కి గుంటూరు పోయిన బండి పట్టాల వెడల్పును, ఈ పట్టాల వెడల్పును ఒక్కటియే. సన్నని పట్టా అయిన యిఱుకు మలుపులు తిరుగగలదు, ఖర్చును తగ్గును. ఆ కారణముననే వారును దానిని కొండలలో నుంచుకొనిరి. కనుమపైన రెండు చెఱువులు ప్రక్కప్రక్కనే యున్నవి. నల్లచెఱువు నీరు ఇన్ నదిలో పడి నల్లసముద్రమునకు పోవును. తెల్లచెఱువు నీరు ఆడ్రియాటిక్ సముద్రమునకు పోవును. నడుమనున్నది పెద్ద పర్వతము కాదు, చిన్న మెరక. గిద్దలూరు దాపున మనకు తెలియకుండ నీరు మాఱుట యిచ్చట కన్నులకు కట్టినట్లుండును.

ఈ త్రోవలోనే మోర్టెరాచ్ అను స్టేషను గలదు. అచ్చట దిగి హిమానీనదము కొసవైపు నడువవచ్చును. ఏ సంవత్సరమున మంచు ఎంతవఱకుండెనో బాటప్రక్కన గుర్తులు నాటిరి. రైలు వేసిననాటికి స్టేషను సమీపముననే యున్న మంచు ఇప్పుడు ఇంచుమించు గంటసేపు నడచినగాని చేరరానంత దూరమునకు వెనుదీసినది. 2022, 2023 ఈ రెండేండ్లలోనే స్విట్జర్లాండు హిమానీనదములు తమ మంచులో సుమారు పదవవంతు పోగొట్టుకొన్నవి. ఆ మంచు కరగిన నీరే వేసవిలో రైన్, రోన్ నదులకు ఆధారము. కంభము చెఱువు ఎండిననాడు చూచినవారికి ఈ గుర్తులను వేఱొకరు వివరింపనక్కఱలేదు.

పదవ దినమున ఇన్ నదివెంట దిగి, సరిహద్దు దాటి, బస్సుమీదను రైలుమీదను ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ చేరవలెను. ఇన్ నదిమీది వంతెన అని ఆ పేరునకు అర్థము. అచ్చట రెండు రాత్రులు. పండ్రెండవ దినమున జర్మనీలోని మ్యూనిక్‌లో తిరుగు విమానము.

కాలము మాట. మన వేసవి సెలవులలో పోవుదమని పిల్లలు కోరిరి. మే నెలలో అచ్చటి ఎత్తైన కనుమబాటలు మంచుతో మూసియుండును, అనేక కొండరైళ్లు మరమ్మతునకై నిలిపివేయబడును. దసరా సెలవులు మేలు. ఆకాశము తఱచుగా తేటగా నుండును, అక్టోబరులో ఇన్ లోయలోని లార్చి చెట్లు పసుపువన్నెకు తిరుగును. వేయి మీటర్లు ఎక్కిన సుమారు ఆఱున్నర డిగ్రీలు చలి హెచ్చును. లూసర్న్ కంటె బెర్నీనా కనుమ 1,800 మీటర్లు ఎత్తు, కావున అచ్చట పండ్రెండు డిగ్రీలు తక్కువ. ఎంత బట్ట కావలెనో లెక్క వేసికొనవచ్చును.

ఆ దేశములన్నిటికి షెంజెన్ వీసా ఒక్కటి చాలును. ఏ దేశములో ఎక్కువ దినములుందుమో ఆ దేశమును అడుగవలెను. మన పది రాత్రులలో ఎనిమిది స్విట్జర్లాండులోనివే, కావున వారిని అడుగవలెను. ముప్పదివేల యూరోల వైద్యఖర్చులకు సరిపడు భీమా తప్పనిసరి. స్విట్జర్లాండులో నాణెము ఫ్రాంకు, ఆస్ట్రియా, ఇటలీ, జర్మనీలలో యూరో. తిరానోకు ఒక్కపూట పోయినను పాస్‌పోర్టు వెంట నుండవలెను. స్విస్ రైళ్లలో పదునాఱేండ్లు నిండని పిల్లలు కుటుంబ కార్డుతో తలిదండ్రుల వెంట ఉచితముగా పోవచ్చును. అన్నము ఖరీదు, నీరు ఉచితము. వీధులలోని కుళాయి నీరు, త్రాగరాదని వ్రాసినచోట తప్ప, నిర్భయముగా త్రాగవచ్చును.

కొన్ని మంచి చోటులను విడిచితిమి. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు 1961 మొదలు 1985 వఱకు ఏటేట వేసవిలో ఉపన్యసించిన సానెన్ పల్లె మన త్రోవకు చాల పడమర నున్నది. తెలుగువారమై చూడవద్దా యని ఒక విద్యార్థిని వాదించినది. చూడవలసినదే. కాని దానికై రెండు దినములు కావలెను, బెర్నీనాను విడువవలెను. ఓట్లు వేసితిమి, బెర్నీనా నిలిచినది. ఆ బాలిక ఇప్పటికిని నాతో ఏకీభవించుట లేదు.

మొదట పారిస్, వెనిస్ వ్రాసిన బాలుడే తుది ప్రతిని తయారుచేసి తెచ్చెను. చూడగా తొమ్మిదవ దినమునకెదుట ఏమియు వ్రాయలేదు. మఱచితివా యని యడిగితిని. "లేదండీ. ఎనిమిదవ నాడు మబ్బు పట్టి కనుమ కనబడకపోయిన మఱల పోవుటకు. అది వాన కొఱకు ఉంచినానండీ," అని ఆతడు చెప్పెను.