గ్రిల్ చికెన్: రంగు చూసి నమ్మొద్దు

ప్రశ్న: మాది డాలస్. వేసవిలో పెరట్లో చికెన్ గ్రిల్ చేస్తుంటాం. మొన్న అది తిన్నాక పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తాజా చికెనే కదా, తప్పెక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు

జవాబు: తాజాదైనా పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా ఉండొచ్చమ్మా. పైన నల్లగా కాలినా ఎముక దగ్గర ఉడక్కపోతే అది చావదు. పచ్చి ముక్కలు పెట్టిన పళ్లెంలోనే కాల్చినవీ వేస్తే మళ్లీ అంటుకుంటుంది.

• మసాలా పట్టించిన ముక్కల్ని ఫ్రిజ్‌లోనే నాననివ్వండి.
• ముక్క మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా థర్మామీటర్ గుచ్చండి. 165 డిగ్రీల ఫారన్‌హీట్ చూపాలి.
• కాల్చినవాటికి పళ్లెం, పట్టకారు వేరుగా ఉంచండి. మిగిలిన పచ్చి మసాలా వాటిపై పూయొద్దు.
• మిగిలినవి 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండ 90 డిగ్రీలు దాటితే గంటలోపే.

విరేచనాల్లో రక్తం, తీవ్ర జ్వరం, నీళ్లు తాగినా వాంతి, మూత్రం తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.