మాటకు చిరునామా

పిల్లలూ! నవంబరు 2వ తేదీన మన మారిషస్ దేశంలో సెలవు ఎందుకో మీకు తెలుసు. 1834లో ఆ రోజున 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ రేవుకు చేరింది. ఆ తరువాత ఎన్నో ఓడలు వచ్చాయి. నాలుగు లక్షలకు పైగా జనం వచ్చారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు.

వచ్చినవారికి ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చేవారు. నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ పేరు పెద్ద పెద్ద పుస్తకాలలో వ్రాసేవారు. ఆ పుస్తకాలు నేడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నవి. ముత్తాత నంబరు తెలిసినవారు అక్కడకు వెళ్ళి, ఆయన ఏ ఊరివాడో తెలుసుకుంటున్నారు. నంబరు తెలియకపోతే? ఒకే పేరు గలవారు ఎందరో ఉంటారు. వెతకడం చాలా కష్టం.

మనం వ్యాసంలో వ్రాసే విషయానికి కూడా అట్టి నంబరు ఒకటి ఉండాలి. అది ఎక్కడ నుంచి వచ్చిందో చదివేవారు వెళ్ళి చూసుకోగలగాలి. దానినే 'ఆధారం చూపడం' అంటాము.

కొన్నేళ్ళ క్రిందట నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. తరగతి గోడకు అంటించడానికి ఓడ బొమ్మ కావలసి వచ్చింది. ఫేస్‌బుక్‌లో ఒకటి దొరికింది. 'మన పూర్వీకులు వచ్చిన ఓడ' అని దాని క్రింద ఉన్నది. వెంటనే అచ్చు తీసి గోడకు అంటించాను.

తల్లిదండ్రులు బడికి వచ్చిన రోజున ఒక విద్యార్థి తాతగారు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు.

"గురువుగారూ, ఈ ఓడ పేరేమిటండీ? మా ముత్తాత వచ్చిన ఓడ కోసం వెతుకుతున్నాను" అన్నారు.

"తెలియదండీ. ఇంటర్నెట్‌లో దొరికింది" అన్నాను.

"ఇంటర్నెట్‌లో ఎవరు పెట్టారండీ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి వెతికాను. ఆ పోస్టు కనబడలేదు. అదే బొమ్మ మరొక చోట వేరే దేశపు ఓడగా కనిపించింది. రెండింటిలో ఏది నిజమో తేల్చుకోలేకపోయాను. మరునాడు బొమ్మ తీసివేసి, తాతగారికి ఫోను చేసి సంగతి చెప్పాను. "పోనీలెండి" అన్నారు. కాని ఆయన గొంతులోని నిరాశ నాకు ఇప్పటికీ గుర్తున్నది.

చూశారా! 'ఇంటర్నెట్' అనేది ఆధారం కాదు. అది సంత వంటిది. "ఈ పండ్లు ఎక్కడ కొన్నావు?" అని అమ్మ అడిగితే "సంతలో" అంటే చాలదు. ఎవరి దగ్గర కొన్నావో చెప్పాలి.

అందుచేత ఈ అయిదు విషయాలు వ్రాసి పెట్టుకోండి: ఎవరు వ్రాశారు? ఎప్పుడు వ్రాశారు? దాని పేరేమిటి? ఎక్కడ ఉన్నది? మీరు ఏ రోజున చూశారు?

ఆప్రవాసి ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమయింది అని మీరు వ్రాశారనుకోండి. వ్యాసం చివర ఇట్లా చూపవచ్చు:

యునెస్కో ప్రపంచ వారసత్వ కేంద్రం. తేది లేదు. "ఆప్రవాసి ఘాట్". యునెస్కో వెబ్‌సైటు. చూసిన తేది: 4 నవంబరు 2024.

దీని ప్రక్కనే ఆ పుట పూర్తి చిరునామా వ్రాయాలి. పుట మీద తేది కనబడకపోతే 'తేది లేదు' అనాలి. ఊహించి వ్రాయరాదు.

ఫేస్‌బుక్ పోస్టుకు సాధారణంగా పేరు ఉండదు. కాబట్టి అందులోని మొదటి మాటలను ఉన్నవి ఉన్నట్లుగా వ్రాయాలి. పెట్టినవారి పేరుతోపాటు ఖాతా పేరు కూడా చేర్చాలి. ఒకరు పెట్టినదానిని మరొకరు పంచుకుంటే, మొదట పెట్టినవారి దగ్గరకు వెళ్ళి చూడాలి. పోస్టును ఎప్పుడైనా మార్చవచ్చు, తీసివేయవచ్చు. అందుకే చూసిన తేది అవసరం. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ వారి 'వేబ్యాక్ మెషీన్'లో చాలా వెబ్ పుటల పాత ప్రతులు దొరుకుతాయి.

వాట్సాప్‌లో మీకు వచ్చిన సందేశాన్ని ఇతరులు చూడలేరు. దానిని చివరి పట్టికలో చేర్చరు. పంపినవారి అనుమతి తీసుకొని, "ఫలానా వారు ఫలానా తేదీన నాకు తెలిపారు" అని వాక్యంలోనే చెప్పాలి. నాయనమ్మ చెప్పిన సంగతికీ ఇదే పద్ధతి.

వికీపీడియాను ఎవరైనా దిద్దవచ్చు. అందులో పుట అడుగున ఇచ్చిన ఆధారాలను తెరచి చదవండి. అవే మీకు పనికివస్తాయి.

ఒక్క మాట మరువకండి. చిరునామా వ్రాసినంత మాత్రాన అబద్ధం నిజం కాదు. కాని చిరునామా ఉంటే నిజమో కాదో ఎవరైనా వెళ్ళి చూడగలరు. రేపు మీ వ్యాసం చదివి ఒక తాతగారు "ఇది ఎక్కడిది?" అని అడిగితే, నావలె తల వంచుకోకండి. దారి చూపండి.

పదాలు - అర్థాలు
పూర్వీకులు = మనకంటె ముందు తరాలవారు
ఖాతా పేరు = ఫేస్‌బుక్ మొదలైనవాటిలో ఒకరు పెట్టుకున్న పేరు
ఫలానా = పేరు చెప్పకుండా ఒకరిని సూచించే మాట

ప్రశ్నలు
1. తాతగారికి గురువుగారు ఎందుకు జవాబు చెప్పలేకపోయారు?
2. పోస్టును చూసిన తేది ఎందుకు వ్రాయాలి?
3. ఆధారానికీ ఓడలో వచ్చినవారి నంబరుకూ పోలిక ఏమిటి?

చేయండి
మీ ఇంట్లో ఎవరికైనా ఫోనులో వచ్చిన ఒక వార్తను తీసుకోండి. పై అయిదు విషయాలలో ఎన్ని దొరుకుతాయో చూసి, నోటుపుస్తకంలో వ్రాయండి.