పాఠం 7: ‘క్లోస్’ వేరు, ‘క్లోజ్’ వేరు



ఈ పాఠంలో ఒకే ఒక్క ఇంగ్లీషు మాట నేర్చుకుందాం. సి, ఎల్, ఓ, ఎస్, ఇ. ఈ అయిదు అక్షరాల మాట మీకు కొత్తది కాదు. “వాడు నాకు బాగా క్లోజ్” అని ఊళ్లో కూడా అంటాం. “షాపు క్లోజ్ చేశారు” అనీ అంటాం. తెలిసిన మాటే కదా అని మనం దీన్ని పట్టించుకోం. అయితే సైటు మీద దీనికి ఒక అర్థం, కంపెనీ ఫారంలో ఒక అర్థం, లేబర్ ఆఫీసు కాగితంలో ఇంకో అర్థం ఉంది. ఒకచోట పొరపాటు పడితే దెబ్బ తగులుతుంది. ఇంకోచోట పొరపాటు పడితే రావలసిన డబ్బు పోతుంది. అందుకే ఒక పాఠమంతా దీనికే కేటాయించాం.

పాఠంలో ఇచ్చిన చట్టం వివరాలు యు.ఏ.ఇ.లో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవారికి వర్తిస్తాయి. ఇళ్లలో పనిచేసేవారికి చట్టం వేరు. సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ దేశాల చట్టాలు కూడా వేరు. ఇంగ్లీషు మాట మాత్రం అన్నిచోట్లా ఒకటే.

1. అక్షరాలు ఒకటే, పలుకు రెండు

‘దగ్గర’ అనే అర్థం ఉన్నప్పుడు చివర ‘స్’ అని పలకాలి: క్లోస్.
‘మూయు’ అనే అర్థం ఉన్నప్పుడు చివర ‘జ్’ అని పలకాలి: క్లోజ్.

మన తెలుగువాళ్లం రెండింటినీ ‘క్లోజ్’ అనే పలుకుతాం. మనలో మనకు ఇబ్బంది లేదు. కానీ ఫోర్‌మన్ ఫిలిప్పీన్స్ మనిషి, ఇంజనీరు ఈజిప్టు మనిషి అయితే, పైగా మెషీన్ల చప్పుడులో వాకీటాకీ మీద మాట్లాడితే, ఏది అన్నారో తెలియదు. అప్పుడు ఊహించి పని చెయ్యకండి. వెంటనే ఇలా అడగండి:

“సర్, షట్ ఆర్ నియర్?” - మూయమంటారా, దగ్గర అంటున్నారా?

ఈ మూడు మాటలు గుర్తుంటే చాలు. అడిగినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు. అడగకుండా వాల్వు తిప్పితేనే ప్రమాదం.

2. ‘దగ్గర’ అనే అర్థం: సైటు మీద

స్టే క్లోస్ టు మీ - నాకు దగ్గరగా ఉండు.
కమ్ క్లోసర్ - ఇంకా దగ్గరికి రా.
డోంట్ గో క్లోస్ టు ది ఎడ్జ్ - అంచు దగ్గరికి పోకు.
యు ఆర్ టూ క్లోస్ - మరీ దగ్గరగా ఉన్నావు, వెనక్కి జరుగు.

చివరి వాక్యం బాగా గుర్తుంచుకోండి. ‘టూ క్లోస్’ అని ఎవరైనా అరిస్తే ముందు వెనక్కి జరగండి, కారణం తరువాత అడగండి. క్రేన్ బరువు లేపుతున్నప్పుడు, లారీ వెనక్కి వస్తున్నప్పుడు, కరెంటు తీగల పక్కన పని చేస్తున్నప్పుడు ఈ మాట వినిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న వ్యాకరణం ఉంది. “గేటుకి దగ్గర” అన్నప్పుడు తెలుగులో ‘కి’ వస్తుంది. ‘క్లోస్’ తరువాత ఆ ‘కి’ లాగానే ‘టు’ వస్తుంది: క్లోస్ టు ది గేట్. ‘నియర్’ అన్నా దగ్గరే, కానీ దాని తరువాత ‘టు’ అక్కర్లేదు: నియర్ ది గేట్. ‘నియర్’ కంటే ‘క్లోస్’ ఇంకొంచెం దగ్గర అనే భావం ఇస్తుంది. క్యాంపు ఎక్కడ అని ట్యాక్సీవాడు అడిగితే “నియర్ ది మాస్క్” అంటే ఆ చుట్టుపక్కల. “వెరీ క్లోస్ టు ది మాస్క్” అంటే మసీదును ఆనుకున్నంత దగ్గర.

‘క్లోస్ కాల్’, ‘నియర్ మిస్’ అనే మాటలు కూడా సేఫ్టీ మీటింగుల్లో వస్తాయి. రెండూ ఒకటే: ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది అని అర్థం. పైనుంచి పైపు పడింది, ఎవరికీ తగలలేదు. మనవాళ్లు “దేవుడి దయ” అనుకుని పనిలోకి పోతారు. అలా వదిలెయ్యకండి. సేఫ్టీ ఆఫీసరుకు చెప్పండి: “సర్, దేర్ వాజ్ ఎ నియర్ మిస్.” ఈరోజు తగలని పైపు రేపు ఇంకొకరి తలమీద పడవచ్చు. చెప్పడం ఎవరి మీదా చాడీ కాదు.

3. ‘దగ్గరివారు’ అనే అర్థం: కంపెనీ ఫారంలో

‘క్లోస్ ఫ్రెండ్’ అంటే ప్రాణస్నేహితుడు. ‘క్లోస్ రిలేటివ్’ అంటే దగ్గరి బంధువు. ‘నెక్స్ట్ ఆఫ్ కిన్’ అని కూడా ఫారంలో రాసి ఉంటుంది. మనకు ఏదైనా జరిగితే ఎవరికి తెలపాలి, ఎవరి సంతకం తీసుకోవాలి అనే ప్రశ్నకు జవాబు ఈ గడి. భార్య లేక భర్త, తల్లి, తండ్రి, పిల్లలు - ముందుగా వీరు.

ఒక క్యాంపు గదిలో జరిగే మాటలు ఇలా ఉంటాయి అనుకోండి:

“అన్నా, ఫారంల క్లోజ్ రిలేటివ్ అని ఉంది. నీ పేరు రాస్తున్న. ఈడ నాకు నీకంటే దగ్గరోళ్లు ఎవరున్నరు?”
“నేను దగ్గరోణ్నే తమ్మీ, కానీ రిలేటివ్ గాను. ఆ గడిల మీ అమ్మ పేరు రాయి. కింద ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని ఇంకో గడి ఉంది చూడు, అండ్ల నా నంబరు రాయి.”

ఈ అన్న చెప్పింది సరైన మాట. ఎమర్జెన్సీ కాంటాక్ట్ అంటే రాత్రి రెండు గంటలకు హాస్పిటల్ నుంచి ఫోను చేస్తే ఎత్తే మనిషి. రూమ్మేటు కావచ్చు. నెక్స్ట్ ఆఫ్ కిన్ మాత్రం కుటుంబ సభ్యులే ఉండాలి. కార్మికుడు చనిపోతే భౌతికకాయాన్ని స్వదేశానికి పంపడానికీ, కంపెనీ నుంచి బకాయిలు ఇప్పించడానికీ కుటుంబం అంగీకార పత్రం కావాలి. ఆ గడిలో ఊరిపేరు లేకపోయినా, పాత ఫోను నంబరు ఉన్నా, కుటుంబాన్ని వెతకడానికే రోజులు పడతాయి. ఆ రోజులన్నీ ఇంటివాళ్లు ఎదురుచూస్తూ ఉండాలి.

ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు మీద వచ్చినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల బీమా. అందులో నామినీ పేరు, ఫారంలో రాసిన పేరు, ఇంట్లో వారి ఆధార్ కార్డు మీద పేరు ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఊళ్లో పిలిచే పేరు రాయకండి.

బంధుత్వాల విషయంలో మనవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. మనకు బాబాయి కొడుకు తమ్ముడే, పెదనాన్న కొడుకు అన్నే. ఇంగ్లీషులో ‘బ్రదర్’ అంటే ఒక తల్లితండ్రుల పిల్లలు. బాబాయి కొడుకును ‘కజిన్’ అంటారు. మేనమామ, బాబాయి, పెదనాన్న, మామయ్య అందరినీ ‘అంకుల్’ అనే అంటారు. అక్క మొగుడైన బావ ‘బ్రదర్ ఇన్ లా’. మేనత్త కొడుకైన బావ మళ్లీ ‘కజిన్’.

ఇది ఎందుకు ముఖ్యమంటే, యు.ఏ.ఇ. కార్మిక చట్టం ప్రకారం దగ్గరివారు చనిపోతే జీతంతో కూడిన సెలవు ఉంది. భార్య లేక భర్త చనిపోతే 5 రోజులు. తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మనవలు, తాతలు, అవ్వలలో ఎవరు పోయినా 3 రోజులు. ‘కజిన్’ ఇందులో లేడు. బాబాయి కొడుకు పోయినప్పుడు “మై బ్రదర్ డైడ్” అని సెలవు అడిగి, తరువాత మరణ ధృవపత్రంలో తండ్రి పేరు వేరుగా ఉంటే, మీరు అబద్ధం చెప్పారని కంపెనీ అనుకుంటుంది. దుఃఖం నిజమే, మాటే తప్పు. ఇలా చెప్పండి: “సర్, మై కజిన్ డైడ్. హి వాజ్ వెరీ క్లోస్ టు మీ. ప్లీజ్ గివ్ మీ లీవ్.” కంపెనీ తన ఇష్టంతో సెలవు ఇవ్వవచ్చు, లేదా మీ వార్షిక సెలవులోంచి ఇవ్వవచ్చు.

4. ‘మూయు’ అనే అర్థం: ఒక ముఖ్యమైన హెచ్చరిక

క్లోజ్ ది డోర్ - తలుపు మూయి.
రోడ్ క్లోజ్డ్ - దారి మూసివేశారు.
క్లోజ్ ది వాల్వ్ - వాల్వు కట్టెయ్యి.

వాల్వు క్లోజ్ చేస్తే నీళ్లు, గ్యాసు ఆగిపోతాయి. ఇది అందరికీ తెలుసు. కరెంటు పనిలో మాత్రం ఇది పూర్తిగా తలకిందులు.

బ్రేకర్ క్లోజ్ అంటే కరెంటు పారుతోంది అని అర్థం. బ్రేకర్ ఓపెన్ అంటే కరెంటు ఆగింది అని అర్థం.

బ్రేకరు లోపల రెండు లోహపు ముక్కలు ఉంటాయి. అవి ఒకదానికొకటి తగిలి దారి పూర్తయితే ‘క్లోజ్డ్’. అవి విడిపోతే దారి తెగి ‘ఓపెన్’. ప్లంబింగు పని నుంచి ఎలక్ట్రికల్ హెల్పరుగా మారినవారు ముఖ్యంగా జాగ్రత్తగా ఉండాలి. “బ్రేకర్ ఈజ్ క్లోజ్డ్” అని వినగానే ‘కట్టేశారు’ అనుకుని తీగ ముట్టుకుంటే ప్రాణం పోతుంది. ఏ మాట విన్నా సరే, తాళం వేశారా, ట్యాగు కట్టారా, టెస్టరుతో చూశారా అని అడిగాకే చెయ్యి పెట్టండి: “సర్, ఈజ్ ద పవర్ ఆఫ్? ఈజ్ ఇట్ లాక్డ్?”

అలాగే ట్యాంకు, మ్యాన్‌హోలు వంటి మూసి ఉన్న చోట్లలోకి పర్మిట్టు లేకుండా, గ్యాసు పరీక్ష చెయ్యకుండా దిగకండి. లోపల తోటివాడు పడిపోయాడని కంగారులో మీరూ దూకకండి. సహాయం కోసం కేక వెయ్యండి. అంబులెన్సు నంబరు 998.

5. ‘ముగించు’ అనే అర్థం: కాగితాల్లో

కేస్ క్లోజ్డ్, ఫైల్ క్లోజ్డ్, అకౌంట్ క్లోజ్డ్. వీటిలో ‘క్లోజ్’ అంటే పని ముగిసింది, ఇక దీని మీద మాట లేదు అని అర్థం. ఒక కార్మికుడికి నాలుగు నెలల జీతం రావాలి అనుకోండి. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాడు. కంపెనీ పి.ఆర్.ఓ. వచ్చి, “సైన్ హియర్, వి విల్ క్లోజ్ ద కేస్, మనీ నెక్స్ట్ వీక్” అంటాడు. ‘క్లోజ్’ అంటే డబ్బు ఇచ్చి తేల్చడం అని కార్మికుడు అనుకుంటాడు. కానీ ఆ కాగితంలో “నాకు రావలసినదంతా ముట్టింది, ఇక ఏ హక్కూ లేదు” అని రాసి ఉంటుంది. సంతకం పెట్టాక వచ్చేవారం డబ్బు రాకపోతే, తన సంతకమే తనకు అడ్డం పడుతుంది.

కాబట్టి:
- ముందు డబ్బు, తరువాత సంతకం. బ్యాంకు ఖాతాలో పడిందని చూసుకోండి.
- లెక్క కాగితం అడగండి: జీతం, ఓవర్‌టైము, సెలవు డబ్బు, గ్రాట్యుటీ విడివిడిగా ఉండాలి.
- యు.ఏ.ఇ. చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన 14 రోజుల్లో బకాయిలన్నీ చెల్లించాలి.
- చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి. ఫోనులో ఫొటో తీసుకోండి.
- విచారణకు పిలిచిన రోజు తప్పక వెళ్లండి.

ఇలా చెప్పడం నేర్చుకోండి: “సర్, మై కేస్ ఈజ్ నాట్ క్లోజ్డ్. ఐ డిడ్ నాట్ గెట్ మై మనీ.”

‘క్లోజింగ్ డేట్’ అంటే ఆఖరు తేదీ. 2024లో యు.ఏ.ఇ. ప్రభుత్వం వీసా గడువు దాటి ఉన్నవారికి జరిమానా లేకుండా వెళ్లడానికి సెప్టెంబరు 1 నుంచి అవకాశం ఇచ్చింది. మొదట అక్టోబరు 31 ఆఖరు తేదీ. తరువాత డిసెంబరు 31 వరకు పొడిగించారు. ఆ తేదీతో అది ముగిసింది. “ఇంకా నడుస్తోంది, డబ్బివ్వు” అనే ఏజెంటును నమ్మకండి.

ఇండియాకు శాశ్వతంగా వెళ్లేముందు బ్యాంకు ఖాతా, క్రెడిట్ కార్డు, ఫోను కనెక్షను క్లోజ్ చేయించి, బాకీ లేదని కాగితం తీసుకోండి. అప్పు వదిలి వెళ్తే తరువాత కేసు, ప్రయాణ నిషేధం రావచ్చు.

6. అభ్యాసం

కింది వాక్యాల్లో పలుకు ‘స్’నా, ‘జ్’నా? అర్థం ఏమిటి? ముందు మీరే చెప్పి, తరువాత జవాబు చూడండి.

అ) బ్యాంకు తలుపు మీద “క్లో–డ్ ఆన్ సండే”.
ఆ) “యువర్ వీసా ఈజ్ క్లో– టు ఎక్స్‌పైరీ.”
ఇ) ఎలక్ట్రీషియన్ అన్నాడు: “ఐ విల్ క్లో– ద బ్రేకర్ నౌ.”

జవాబులు: అ) జ్. ఆదివారం సెలవు. ఆ) స్. వీసా గడువు దగ్గరపడింది, ఈరోజే కంపెనీని అడగండి. ఇ) జ్. ఇప్పుడు కరెంటు వదులుతాడు, చేతులు తీసెయ్యండి.

గదిలో చదువు వచ్చినవారు రానివారికి ఈ పాఠం చదివి వినిపించండి. జీతం, సంతకం, పాస్‌పోర్టు విషయంలో ఏ అనుమానం ఉన్నా యు.ఏ.ఇ.లో ఉన్నవారు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 800 46342కి ఫోను చెయ్యండి. సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే చెయ్యండి.