జాలి ఒక్కటే సరిపోని ఉద్యోగం

‘సోషల్ వర్కా? సేవ చేయడానికి డిగ్రీ ఎందుకమ్మా?’ ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) పేరెత్తిన పిల్లలకు ఇంట్లో ముందు వినపడే మాట ఇదే. వ్యసన చికిత్స వైపు వెళ్తానంటే ఇక చెప్పనక్కర్లేదు, ‘తాగుబోతుల మధ్య పనా’ అని నోరు మూయిస్తారు.

డిగ్రీ ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. 2020 లాక్‌డౌన్‌లో తెలంగాణలో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం వరస కట్టారు. కొందరికి ఫిట్స్, కొందరికి లేని మనుషులు కనిపించడం. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజీపామ్ లాంటి మందులు ఒక్కసారిగా ఆగిపోతే శరీరం అలాగే ఎదురుతిరుగుతుంది. రోజూ బాగా తాగేవాళ్లు సారా అయినా విస్కీ అయినా ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదకు రావచ్చు. అలాంటి మనిషిని ‘ఇవాళ్టి నుంచి ముట్టనని ఒట్టెయ్ అన్నా’ అని ఇంటికి పంపే కౌన్సెలర్ మేలు చేయకపోగా హాని చేస్తాడు.

చదువుకున్న సోషల్ వర్కర్ అడిగే ప్రశ్నలు వేరు. ‘ఆఖరిసారి ఎప్పుడు తాగారు? పొద్దున్నే చేతులు వణుకుతాయా, చుక్క పడితేనే తగ్గుతాయా? ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా?’ ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టికలో 40కి 20 లేదా అంతకు మించి వస్తే అది అలవాటు హద్దు దాటి వ్యసనమైందని అనుమానించి డాక్టరు దగ్గరకు పంపాలి. మందులు డాక్టరు పని. ఆ తర్వాత భార్య పేరు మీదున్న అప్పులు, పోయిన కూలి, బడి మానేసిన పిల్లవాడు, ఆర్నెల్లకు మళ్లీ మొదలైన తాగుడు... ఇవన్నీ సోషల్ వర్కర్ చేతిలోకి వస్తాయి. నాకు ఈ వృత్తి మీద ఇంత గౌరవం అందుకే.

అర్హత: ఏదైనా డిగ్రీ, ఆపైన రెండేళ్ల ఎంఎస్‌డబ్ల్యూ, ప్రవేశాలు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ ద్వారా.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. ‘నెల రోజుల్లో డీఅడిక్షన్ కౌన్సెలర్’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే సర్టిఫికెట్లకు డబ్బు పోయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎంఎస్‌డబ్ల్యూ మీద రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్ చేసినవారని స్పష్టంగా చెప్పింది. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట నేర్పే చదువు అది. ఎంఫిల్ విషయంలో యూజీసీ నిబంధనలు మారుతున్నాయి కాబట్టి మీరు చేరే ఏడాది నోటిఫికేషన్ చూసుకున్నాకే అడుగేయండి.

స్వచ్ఛంద సంస్థలు నడిపే వ్యసన చికిత్స కేంద్రాల్లో మొదటి జీతాలు తక్కువే, చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలు. అందుకే అప్పుచేసి ఖరీదైన ప్రైవేటు కాలేజీలో చేరడం నాకు నచ్చదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు కోసం ఒక ఏడాది ఆగినా నష్టం లేదు. ఇంజినీరింగ్ సీటు రాలేదని ఏడుస్తున్న పిల్లను ‘పోనీ ఇందులో చేరు’ అని నెట్టడం మరీ అన్యాయం. ఇష్టం లేని మనిషికి ఈ పని మొదటి ఏడాదే బరువైపోతుంది, ఆ నష్టం రోగులకూ తగులుతుంది.

చేరేముందు కాలేజీ వాళ్లను అడగండి: ఫీల్డ్ వర్క్‌కు ఏ ఆసుపత్రికి పంపుతారు, వారానికి ఎన్ని రోజులు, అక్కడ మా కేసు రికార్డులు ఎవరు దిద్దుతారు? సూటిగా జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.